వెచ్చగా తగిలినచోట ఆగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆవకాయ జాడీలకు కాళ్ళుండేవి. ఉగాది దగ్గరపడే కొద్దీ అటక మీద నుంచి ఒక్కొక్కటే మాయమయ్యేవి. మా అవ్వ వాటికోసం ఇల్లంతా వెతికేది కాదు. నేరుగా వాకిట్లోకి వచ్చి, ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు వైపు తిరిగి, "ఊరగాయకు లేని ఉప్పు నీ లైట్లకు కావాల్నా?" అని మొదలుపెట్టేది. షెడ్డులోంచి మా చిన్నాయన నవ్వు వినిపించేదే తప్ప జాడీలు తిరిగి వచ్చేవి కావు.

చిన్నాయన అంటే మా నాన్నకు తమ్ముడు. కన్నడవాళ్ళ రాజధానిలో పాత పేట అయిన నగర్తపేటలో, ఇత్తడి సామాన్ల దుకాణాల వెనక సందులో మా ఇల్లు. రాయలసీమ నుంచి మా పెద్దవాళ్ళు ఎప్పుడు వచ్చారో మా అవ్వకే సరిగ్గా తెలియదు. మాటలో మాత్రం సీమ పోలేదు, దానికి తోడు కన్నడం వచ్చి చేరింది. చిన్నాయన పెళ్ళి పందిళ్ళకు రంగు బల్బుల తోరణాలు కట్టేవాడు. అది కూటికోసం. నాటకాలకు లైట్లు వేసేవాడు. అది ప్రాణం నిలవడం కోసం. రెండో పనికి డబ్బులు రాకపోగా ఇంట్లో జాడీలు పోతున్నాయని అవ్వ బాధ.

ఆ జాడీల సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. వెలుగును మెల్లగా పెంచడానికీ తగ్గించడానికీ ఇప్పటిలా మీటలు లేవు. ఉన్నా, మాలాంటి వాళ్ళ చేతికి అందేవి కావు. జాడీ నిండా ఉప్పునీళ్ళు పోసి, అడుగున ఒక సీసపు రేకు పెట్టి, పైనుంచి తాడుకు కట్టిన ఇంకో రేకును అందులోకి దించేవాడు. పై రేకు కిందికి దిగేకొద్దీ వేదిక మీద బల్బు వెలుగుతుంది. పైకి లాగేకొద్దీ మందగిస్తుంది. నాటకంలో సూర్యుడు అస్తమిస్తున్నాడంటే పక్కన చీకట్లో మా చిన్నాయన ఊపిరి బిగబట్టి తాడు లాగుతున్నాడన్నమాట. కరెంటూ నీళ్ళూ ఒకేచోట కాపురం చేస్తాయి కాబట్టి ఆ మూలకు పిల్లలెవరూ వెళ్ళకూడదు. ఈ రోజుల్లో ఎవరైనా అలాంటి పని చేస్తే నేనే వెళ్ళి ఫిర్యాదు చేస్తాను. కానీ అంత మెల్లగా దిగిన సాయంత్రాన్ని ఏ మిషనులోనూ మళ్ళీ చూడలేదు.

మా ఇంటి మేడ మీద గదిలో టీచరమ్మ అద్దెకు ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చి, మిషనరీల బడిలో పాఠాలు చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళి వచ్చేది. మా తెలుగు సంఘం ప్రతి ఉగాదికీ ఒక నాటకం వేసేది. అందులో ముఖ్యమైన ఆడపాత్ర ఆమెదే. ఏసుప్రభువును నమ్మే మనిషి ఉగాది నాటకంలో ఏమిటని అడగాలని మా సందులో ఎవరికీ తోచలేదు. ఆ గొంతు విన్నవాళ్ళకు ఇంకేదీ తోచదు మరి. మామూలుగా మాట్లాడినా ఆఖరి వరసలో కూర్చున్నవాళ్ళ చెవి పక్కనే మాట్లాడినట్టుండేది.

ఒక ఏడు నాటకంలో ఆమెది ముసలమ్మ పాత్ర. పట్నంలో పాత ఇంట్లో భోజనం మెస్సు నడుపుతుంది. ఇల్లు పడగొట్టి పెద్ద భవనం కడతానని యజమాని వచ్చి ఖాళీ చేయమంటాడు. ఆఖరి రంగంలో ముసలమ్మ కిటికీ దగ్గర నిలబడి, వీధిలోకి చూస్తూ, వెళ్ళేది లేదని తనలో తాను తేల్చుకుంటుంది. ఆమె మనవరాలిని నేను. నాకు మాటలు తక్కువ, కూర్చోవడం ఎక్కువ. నాటకం నేర్పించేది మా సందులోనే పెళ్ళిపత్రికలు అచ్చువేసే ప్రెస్సు మామ. అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేవాడు కానీ, అరిచిన ప్రతివాళ్ళకూ తర్వాత తనే కాఫీ పోయించేవాడు.

ఆ కిటికీకి తలుపుల్లేవు, చట్రం లేదు. వేదిక అంచే కిటికీ, చూసే జనమే వీధి. ఒక ఆదివారం హాల్లో రిహార్సల్ జరుగుతుంటే టీచరమ్మ ఆఖరి రంగంలో ముందుకు నడిచి వచ్చింది. ఆగవలసిన చోట ఆగలేదు. ఒక కాలు వేదిక దాటి గాలిలో ఉండగా, యజమాని వేషం వేసిన ఆయన చటుక్కున చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. అందరూ చుట్టూ చేరారు. చెప్పు జారిందని ఆమె నవ్వేసింది. చెప్పులు అప్పటికే విడిచి మూలన పెట్టి ఉన్నాయి. ఆ కంగారులో వాటిని ఎవరూ చూడలేదు.

మా చిన్నాయన కూడా చెప్పుల్ని చూడలేదు. ఆయన చూసింది ఆమె కంటిరెప్పను. లైటు సూటిగా కంట్లో పడితే ఎంతటివాడైనా మొహం చిట్లిస్తాడు. ఆ రోజు ఆయన ఎడమ వైపు దీపం సర్దుతూ, పొరపాటున ఆమె మొహం మీదికి తిప్పాడట. ఆమె రెప్ప కదలలేదు. లైట్లు వేసేవాళ్ళకు ఇదొక జబ్బు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మాట వినరు, మొహం మీద వెలుగు ఎలా నిలుస్తోందో చూస్తుంటారు. నాకూ ఉంది, దానివల్ల పెళ్ళిచూపుల్లో చాలా ఇబ్బంది పడ్డాను.

మర్నాడు సాయంత్రం నేను మేడ మీద టీచరమ్మ దగ్గర మాటలు వల్లె వేస్తుంటే చిన్నాయన వచ్చి గడపలో కూర్చున్నాడు. కాసేపు ఎండల సంగతి, నీళ్ళ సంగతి మాట్లాడి, "అక్కా, ఒకటి అడగల్ల. ఎడమ పక్క నుంచి లైటు కొడితే నీకు తెలీడం లే కదా?" అన్నాడు. ఆమె చేతిలో ఉన్న పుస్తకాన్ని మూసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత చెప్పింది. కంటి నరం ఎండిపోతోందట. ఎడమకన్ను పోయింది. కుడికన్నులో తాళంచెవి రంధ్రంలోంచి చూసినంత మాత్రం మిగిలింది. ఎదురుగా లైట్లు పడితే అది కూడా తెల్లగా అయిపోతుందట. "చూపు ఏడాది నిలిస్తే ఎక్కువన్నారు డాక్టర్లు, తమ్ముడూ. బడి వాళ్ళకు వేసవి సెలవుల్లో చెప్పుకుంటాను. ఈ ఒక్క నాటకం చేసుకోనివ్వండి" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. నాకే ఏడుపు వచ్చి, గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

చిన్నాయన సరేనని వెంటనే అనలేదు. ప్రెస్సు మామకు చెప్పకుండా ఈ పనిలో చెయ్యి పెట్టనని చెప్పాడు. ఆమెకు ఇష్టం లేకపోయినా ఒప్పుకుంది. తెల్లవారాక ముగ్గురం ప్రెస్సుకు వెళ్ళాం. నన్ను రావద్దని ఎవరూ అనలేదు కాబట్టి నేనూ వెళ్ళాను. విన్న తర్వాత ప్రెస్సు మామ ఎప్పటిలా అరవలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. తల పట్టుకుని, "ఆమె పడి కాలో చెయ్యో విరిగితే నేను ఏ మొహం పెట్టుకోని బతకల్ల చెప్పప్పా?" అన్నాడు చిన్నాయనతో. తర్వాత ఆయనకే ఒక దారి తోచింది. మనవరాలు ఎలాగూ పక్కనే ఉంటుంది కదా, చెయ్యి పట్టుకుని నడిపిస్తే సరిపోతుంది అన్నాడు.

నేను సంతోషంగా లేచి నిలబడ్డాను కూడా. కానీ టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆ ముసలామె ఎవరి చెయ్యీ పట్టుకోదండీ, అన్నయ్యగారూ. పట్టుకుందంటే ఇల్లు ఖాళీ చేసి పోయే మనిషే అయిపోతుంది. ఇంక నాటకం ఏముంది?" అంది. ప్రెస్సు మామ అచ్చయిన పత్రికల కట్ట ఒకటి ఇటు నుంచి అటు పెట్టి, అటు నుంచి ఇటు పెట్టి, చివరికి పూర్తి రిహార్సల్ దాకా గడువిచ్చాడు. ఆ రోజు ఆమె ఒక్కచోట తడబడినా పాత్ర ఇంకొకరికి ఇస్తానని, అందుకు తనను తిట్టుకోవద్దని చెప్పాడు. అందరికీ కాఫీ పోయించి పంపాడు.

ఇంటికి వచ్చాక చిన్నాయన భోజనం చేయలేదు. మా ఇంటి నడుమ తొట్టి ఉండేది. తొట్టి అంటే పైకప్పు లేకుండా నాలుగు వైపులా వసారాలు ఉన్న చోటు. మధ్యాహ్నం అయితే అందులోకి ఒక చాపంత ఎండ దిగేది. ఆయన వసారాలో కూర్చుని ఆ ఎండనే చూస్తూ ఉండిపోయాడు. అవ్వ రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవడం దండగని అన్నం మూతపెట్టింది. కాసేపటికి ఆయన లేచి, భుజం మీది తువ్వాలు తీసి నా కళ్ళకు కట్టాడు. భుజాలు పట్టి గిరగిరా తిప్పి వదిలి, "నడువు. వెచ్చగా తగిలినచోట ఆగు" అన్నాడు.

నాకు అది ఆటలా అనిపించింది. చేతులు చాచి నడవబోతే చేతులు దించమన్నాడు. మొహంతోనే వెతకాలట. మొదట గోడకు గుద్దుకున్నాను. తర్వాత స్తంభానికి. అవ్వ వంటింట్లోంచి శాపనార్థాలు పెడుతూనే ఉంది. అటూ ఇటూ తిరగ్గా తిరగ్గా, ఒకచోట నా కుడి చెంప మీద ఎవరో అరచెయ్యి ఆనించినట్టు అయింది. ఆ వైపు తిరిగాను. మొహమంతా వెచ్చబడింది. ఇక్కడ అని అరిచాను. ఇంకొక్క అడుగు వెయ్యమన్నాడు. వేశాను. వెచ్చదనం మొహం మీద నుంచి జారి నడినెత్తికి వచ్చింది. "ఆఁ, నెత్తి కాలితే ముందుకొచ్చేసినావని అర్థం. స్వల్ప వెనక్కి జరుగు" అన్నాడు. తువ్వాలు విప్పాక చూస్తే చాపంత ఎండ మధ్యలో నిలబడి ఉన్నాను. ఆయన మొహంలో అప్పటికి రెండు రోజులుగా లేని నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే కూర్చుని చల్లారిన అన్నం తిన్నాడు.

షెడ్డులో తర్వాతి వారమంతా అదే పని. నూనె డబ్బాలు కోసి ఆయనే చేసుకున్న దీపాలు మామూలుగా ఎత్తులో కట్టేవాడు. ఈసారి కిందికి దించాడు. తలుపు దగ్గర ఒకటి, ముసలమ్మ కుర్చీకి ఒకటి, కిటికీ అంచుకు ఒకటి. మధ్యలో చల్లగా ఉండే దారి. టీచరమ్మ సాయంత్రం బడి నుంచి రాగానే చీర కొంగు బొడ్డున దోపుకుని షెడ్డులో నడిచేది. మొదటి రోజు ఆమె కూడా నాలాగే చేతులు చాచింది. నేను పెద్ద పంతులమ్మలా చేతులు దించమన్నాను. జీవితంలో ఆమెకు నేను చెప్పిన పాఠం అదొక్కటే. ఆమె చాలా బుద్ధిగా విన్నది.

ఆఖరి రంగం దగ్గర మాత్రం చిక్కు వచ్చిపడింది. అది సంధ్యవేళ. వెలుగు తగ్గాలి. జాడీలో రేకు పైకి లాగితే వెలుగుతో పాటు వేడి కూడా తగ్గిపోతుంది. వేడి తగ్గితే కిటికీ ఎక్కడుందో ఆమెకు తెలియదు. వెలుగు తగ్గకపోతే అది సంధ్యవేళ కాదు. రెండు రోజులు చిన్నాయన జాడీల ముందే తాళ్ళు లాగుతూ, వదులుతూ గడిపాడు. మూడో రోజు నగర్తపేటంతా తిరిగి బాగా ముదురు నీలం జిలెటిన్ కాగితం తెచ్చి దీపం మూతికి కట్టాడు. బల్బును పూర్తిగా వెలిగించాడు. షెడ్డులో పొద్దుగూకింది. మా మొహాలు కూడా సరిగ్గా కనపడనంత నీలం. కానీ కింద నిలబడితే మొహం వెచ్చగానే ఉంది. "ఈ కాగితం వెలుగును తాగేస్తాదప్పా, వేడిని ఇడిచిపెడతాది" అని తనలో తనే అనుకున్నాడు. నాకు ఆ రోజు అది గారడీలా కనిపించింది. తర్వాత నేను పెద్దదాన్నై ఇదే పనిలోకి వచ్చి, దాని వెనక శాస్త్రం చదువుకున్నాను. ఇప్పటికీ గారడీలాగే కనిపిస్తుంది.

పూర్తి రిహార్సల్ రోజు టీచరమ్మ ఒక్కచోట కూడా తడబడలేదు. తలుపు దగ్గర ఆగింది, కుర్చీ దగ్గర ఆగింది. కిటికీ దగ్గరికి వచ్చి, గడ్డం కొంచెం పైకెత్తి నిలబడింది. అంతకుముందు ఆ రంగంలో ఆమె తలదించుకునేది. ఇప్పుడు వెచ్చదనం కోసం మొహం ఎత్తేసరికి, ఎవరికీ లొంగని ముసలమ్మ ఒకామె అక్కడ తయారైంది. ప్రెస్సు మామ బయటికి వెళ్ళి చాలాసేపు ముక్కు చీదుకుని వచ్చాడు.

ఉగాది సాయంత్రం హాలు నిండిపోయింది. ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. ముఖ్య అతిథి బాగా లావుపాటి మనిషి, పాపం చెమటతో తడిసి ముద్దయిపోయాడు. సంఘం వాళ్ళు మర్యాదకు ప్రాణమిచ్చే రకం కదా, ఎక్కడినుంచో నిలువెత్తు ఫ్యాను ఒకటి తెచ్చి వేదిక ముందు మూలన, తెర బయట నిలబెట్టి, ముందు వరస వైపు తిప్పారు. అది తల అటూ ఇటూ తిప్పుకుంటూ అందరికీ సమానంగా గాలి పంచే ఫ్యాను. మొదటి రెండు రంగాలు వేదిక లోపలి భాగంలో జరిగాయి కాబట్టి మాకెవరికీ దాని ఊసే లేదు.

ఆఖరి రంగం వచ్చింది. నీలం వెలుగు దిగింది. నేను నేల మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. టీచరమ్మ కుర్చీలోంచి లేచి ముందుకు నడిచింది. అదే సమయంలో ఫ్యాను తల మా వైపు తిరిగింది. నా చేతిలోని చిక్కుడు తొక్కలు ఎగిరాయి. ఆమె మొహం ఎత్తింది, ఆగబోయింది. ఆగలేదు. గాలి వెచ్చదనాన్ని ఊడ్చేసింది. ఇంకా చోటు రాలేదనుకుని ఇంకొక అడుగు వేసింది. ఆమె మొహం కొద్దిగా అటూ ఇటూ కదులుతోంది. తొట్టిలో కళ్ళకు తువ్వాలు కట్టుకుని నేను వెతికినట్టే వెతుకుతోంది. చూసే జనానికి అది ముసలమ్మ ఆలోచనలా కనిపించి ఉంటుంది. నాకు మాత్రం ఆమె ముందు మిగిలిన చోటు ఎంతో తెలుసు. ఒక్క అడుగు.

అవతలి పక్క చీకట్లో చిన్నాయన కనిపించాడు. రెండు చేతుల్లోనూ తాళ్ళు. వదిలితే రేకులు జాడీల్లోకి జారి వేదికంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆయన నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. నాకు ఆ రంగంలో మాటల్లేవు. అయినా లేచాను. "అవ్వా, గాలి కొడతా ఉండాది. కిటికీ మూస్తా, ఆడనే ఉండు" అన్నాను. నా గొంతు వినగానే ఆమె పాదం ఉన్నచోటే ఆగింది. నేను చిక్కుళ్ళ చేట పక్కన పెట్టి, ముసలమ్మ పక్కగా నడిచి వెళ్ళి, వేదిక మూలన ఉన్న ఫ్యాను మీట నొక్కేశాను. రెక్కలు మెల్లమెల్లగా తిరిగి ఆగాయి. ముఖ్య అతిథి నావైపు చూసిన చూపు నేను ఇంకా మర్చిపోలేదు.

నేను మళ్ళీ వెళ్ళి చేట ముందు కూర్చున్నాను. టీచరమ్మ కదలకుండా నిలబడి ఉంది. కాసేపటికి చెయ్యి ఎత్తి నడినెత్తిని ఒకసారి తాకింది. ఒక అర అడుగు వెనక్కి వేసింది. గడ్డం పైకెత్తింది. అప్పుడు ఆ మొహం మీదికి మెల్లగా ఒక నెమ్మది వచ్చింది, నా కళ్ళతో చూశాను. "ఇప్పుడు బాగుంది తల్లీ" అంది నాతో. ఆ మాట నాటకంలో లేదు. ఆ తర్వాత వీధి వైపు తిరిగి, ఈ ఇల్లు వదిలి వెళ్ళేది లేదని ముసలమ్మ చెప్పవలసిన మాటలన్నీ చెప్పింది. ఆఖరి వరసలో కూర్చున్న మా అవ్వ కూడా ఏడ్చిందట. జాడీల గురించి ఆ ఏడు ఆమె మళ్ళీ ఎత్తలేదు.

తెర పడ్డాక అందరూ నన్ను ఎత్తుకుని ముద్దుచేశారు కానీ చిన్నాయన మాత్రం జాడీల దగ్గరే కూలబడిపోయాడు. "అన్నీ చూసినా. గాలి సంగతి మరిసిపోయినా. మూసిన షెడ్డులో గాలి యాడుంటాది" అని తనను తానే తిట్టుకుంటున్నాడు. టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి అక్కడికి వచ్చింది. నాటకం అయిపోయింది కాబట్టి ఇప్పుడు పట్టుకోవచ్చు. ఆమె ఆయన ముందు నిలబడి నెమ్మదిగా చెప్పిన మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "ఇన్నేళ్ళూ లైటు పడగానే ఇంతమంది నన్ను చూస్తున్నారని భయపడేదాన్ని తమ్ముడూ. ఈరోజు లైటు పడితే ఎవరో నా పక్కన ఉన్నట్టుంది." చిన్నాయన వేళ్ళకు చుట్టుకుని ఉన్న తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఆమె మళ్ళీ వేదిక ఎక్కలేదు. డాక్టర్లు చెప్పినంత కాలం కూడా చూపు నిలవలేదు. బడి మానేసి హొసకోటెలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. నేను చదువు ముగించి, అవ్వ వద్దంటున్నా చిన్నాయన వెంట నిచ్చెనలెక్కడం నేర్చుకుని, ఆయన జాడీలు మానేసి మీటలు కొన్న కాలం నుంచి ఈనాటి కంప్యూటరు బల్లల దాకా ఇదే పనిలో ఉన్నాను. మొదట్లో ఏ హాలుకు వెళ్ళినా కరెంటు పనికి ఆడపిల్ల ఏమిటని అడిగేవాళ్ళు. మా చిన్నాయన పంపాడని చెబితే నోరు మూసుకునేవాళ్ళు. తెలుగు నాటకాలకంటే కన్నడ నాటకాలకే ఎక్కువ వెలిగించాను. సంధ్యలు నాకు బాగా కుదురుతాయని అంటారు. నీలం కాగితం గుట్టు నేను ఎవరి దగ్గరా దాచలేదు.

సొంతంగా నేను లైట్లు వేసిన మొదటి నాటకానికి టీచరమ్మను హొసకోటె నుంచి బస్సులో తీసుకొచ్చాను. అప్పటికి ఆమెకు పూర్తిగా చూపు లేదు. ఏం చూస్తుందని తీసుకొచ్చావని చాలామంది అడిగారు. జనం రాకముందు ఖాళీ వేదిక మీదికి ఆమెను తీసుకెళ్ళి, దీపాలు వెలిగించి, చెయ్యి వదిలేశాను. చేతులు దించుకుని, గడ్డం ఎత్తి, ఆమె నడిచింది. ఒకచోట ఆగింది. నాటకంలో ఆడమనిషి ఒంటరిగా నిలబడి మాట్లాడవలసిన చోటు సరిగ్గా అదే. కాసేపు అక్కడే ఉండి, "వెలుగు బాగా కూర్చుందే నా పక్కన" అంది. ఆ రోజు పత్రికలవాళ్ళు ఏం రాశారో నాకు గుర్తులేదు.

ఇప్పుడు మా చిన్నాయన లేడు, టీచరమ్మ లేదు. దీపాలు కూడా మారిపోయాయి. కొత్తవి మంచివే. కరెంటు తాగవు, కోరిన రంగు చిటికెలో ఇస్తాయి. కానీ ఎంత వెలిగినా చల్లగా ఉంటాయి. కింద నిలబడి కళ్ళు మూసుకుంటే వెలుగులో ఉన్నామో చీకట్లో ఉన్నామో చర్మానికి తెలియదు. అందుకే ప్రతి నాటకానికీ ఒక పాత దీపాన్ని వెంట తీసుకెళ్తాను. ఎవరో ఒకరు ఒంటరిగా నిలబడే చోటు ఏ నాటకంలోనైనా ఉంటుంది. అక్కడికి దాన్ని కడతాను. నా దగ్గర పనిచేసే పిల్లలు, ఇదెందుకు మేడమ్, దీనివల్ల వెలుగులో తేడా ఏమీ లేదు కదా అంటారు. లేదనే చెబుతాను.

ప్రదర్శనకు ముందు అందరినీ కాఫీకి పంపించి, ఫ్యాన్లు ఆపించి, వేదిక మీదికి ఒక్కదాన్నే వెళ్తాను. ఈ వయసులో చూసేవాళ్ళు ఏమనుకుంటారో అన్న బెరుకు కూడా పోయింది. కళ్ళు మూసుకుని, చేతులు దించుకుని, మొహంతో వెతుక్కుంటూ నడుస్తాను. వెచ్చగా తగిలినచోట ఆగుతాను. వాళ్ళిద్దరూ ఉన్నారో లేరో ఆ కాసేపు నాకు తెలియదు. ఆ కాసేపు నేను కళ్ళు తెరవను.